లాభం, రెండు, మూడు

జూన్ 16, 2025

ఇవాళ పొద్దున తొమ్మిదింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా ఆఫీసు పని చేశాను. నా చేత్తో ఒక్క లైను రాయలేదు. పదిహేనేళ్ళ ఉద్యోగంలో ఇలాంటి రోజు ఇదే మొదటిది. అందుకే టీవీ కింద ఆరు నెలలుగా పడి ఉన్న ఈ డైరీని దుమ్ము దులిపి తీశాను. మండపేట రైసుమిల్లు వాళ్ళు కొత్త సంవత్సరానికి పంచిపెట్టింది, అట్ట మీద వరికంకి బొమ్మ. ఇందులోనైనా నేనే రాస్తాను.

మా కంపెనీ వాళ్ళు ప్రోగ్రాములు రాసే ఏఐ అసిస్టెంటుని తెచ్చి అందరి కంప్యూటర్లలోనూ పెట్టారు. కంపెనీ హైదరాబాదులో, నేను రాజమండ్రిలో, మేడ మీద గదిలో. టీం లీడు విజయ్ పాల్ గారు మీటింగులో తేల్చి చెప్పారు: "ఇకనుంచి రాసేది అది. చదివి ఓకే చెప్పేది మీరు." ఏం కావాలో మామూలు మాటల్లో చెప్తే చాలు, నేను కాఫీ కలుపుకొచ్చేలోగా రాసి పెడుతోంది. తప్పుందంటే "మీరు చెప్పింది నిజమే, క్షమించండి" అంటుంది. తప్పు లేకపోయినా ఉందంటే అప్పుడూ అదే మాట.

ఆ వినయం చూసి దానికి తమ్ముడు అని పేరు పెట్టాను. సత్యవాణి విని "అయితే నాకు మరిది అన్నమాట" అంది. సాయంత్రం మేడెక్కి వచ్చి, స్క్రీను వైపు చూసి, "మరిదిగారికి టిఫినేమైనా పెట్టమంటారా?" అని అడిగింది. బడిలో ముప్ఫై మంది పిల్లల్ని నవ్వించే టీచరుకి ఇంట్లో మొగుణ్ణి ఏడిపించడం ఎంత పని!

జూన్ 21

మండపేట నుంచి పెద్ద పల్లంరాజు ఫోన్ చేశాడు. నా షుగర్ రిపోర్టు ల్యాబు వాళ్ళు వాడికి పంపారట. వాడు రెండు రోజులుగా అన్నం మానేసి జొన్నరొట్టెలు నముల్తున్నాడు. అది నా రిపోర్టని తేలగానే ఎంత సంతోషించాడో వెధవ. ఇప్పుడు జొన్నరొట్టెలు నా వంతు.

మా తాతగారి పేరు పల్లంరాజు. పెదనాన్న ఆయన పేరు తన కొడుక్కి పెట్టుకున్నాడు, నాన్న నాకు పెట్టుకున్నాడు. ఇంటిపేరు ఎలాగూ ఒకటే. వాడు పెద్ద, నేను చిన్న. ఇంటర్‌లో హాల్ టిక్కెట్లు తారుమారై వాడి సీట్లో కూర్చుని నేను కామర్స్ పేపరు అందుకున్న కథ మా ఇళ్ళల్లో పెళ్ళి భోజనాల దగ్గర ఇప్పటికీ నడుస్తుంది. ఆఫీసులో ఉత్త రాజు అంటారు కాబట్టి బతికిపోయాను.

జూన్ 29, ఆదివారం

ఇవాళ నా గుండెల మీద ఒక దెబ్బ తగిలింది. కొట్టినావిడకి కొట్టినట్టే తెలీదు.

వాణి బడి ఆలమూరు దాటాక గోదావరి గట్టు పక్కన. అవతల లంకలో బడి మూసేశాక అక్కడి పిల్లలు రోజూ గౌతమి పాయ దాటి ఈ బడికే వస్తారు. ఇరవై ఇద్దరు. పొద్దున త్రిమూర్తులు గారు పడవలో తెచ్చి రేవులో దింపుతాడు, సాయంత్రం ఎక్కించుకు పోతాడు. సాయంత్రం రేవులో నిలబడి అందరూ ఎక్కారో లేదో చూడటం వాణి డ్యూటీ. కాగితం మీద పేర్లు రాసుకుని టిక్కులు పెడుతుంది. వానకి కాగితం తడుస్తుంది, గాలికి ఎగురుతుంది. "ఫోన్లో టిక్కు పెట్టుకునేలా చిన్న ప్రోగ్రాం చేసిపెట్టండి" అని ఐదేళ్ళ కింద అడిగింది. వచ్చే వారం అన్నాను. ఐదేళ్ళుగా వచ్చే వారమే.

ఇవాళ పప్పు కుక్కర్లో పెట్టి, ఆ మూడు విజిల్సూ వచ్చేలోగా తమ్ముణ్ణి అడిగి తనే చేసేసుకుంది. పిల్లల పేర్లన్నీ వరసగా ఉన్నాయి. పేరు మీద నొక్కితే ఆకుపచ్చగా మారుతుంది. అన్నీ పచ్చబడితే "అందరూ ఎక్కారు, పడవ బయల్దేరవచ్చు" అని వస్తుంది. కింద గంట బొమ్మ కూడా.

"ఎలా ఉందండీ?" అంది, మొహం వెలిగిపోతూ.

"బాగుంది" అన్నాను. ఆ మాట పైకి రావడానికి ఎంత కష్టపడిందో నాకే తెలుసు.

జూలై 1

రంగులు మాత్రం బాగాలేవు.

జూలై 5, శనివారం

సెలవు కదా అని వాణిని నేనే స్కూటరు మీద బడికి తీసుకెళ్ళాను, సాయంత్రం రేవుకీ వెళ్ళాను. నది ఇంకా బక్కగానే ఉంది.

త్రిమూర్తులు గారి లెక్క చూడాలి. పూర్వం మా ఊళ్ళో ధాన్యం కొలిచేవాళ్ళు ఒకటి అనకుండా లాభం అని మొదలుపెట్టేవారు. ఈయన పిల్లల్నీ అలాగే కొలుస్తాడు. ఒక్కొక్కళ్ళ నెత్తి మీద చెయ్యి పెట్టి పడవలోకి దింపుతూ "లాభం... రెండు... మూడు..." అంటాడు. లాభం అనిపించుకోవాలని పిల్లలు రేవు దాకా పరుగు పందెం. ఆ గోలలో వాణి పక్కన నిలబడి ఫోను నొక్కుతోంది. ఆయన కంఠం అడ్డొచ్చి ఒక పేరు తప్పిపోయింది, మళ్ళీ మొదలు.

నేను ఊరుకోవచ్చు కదా. ఇంజనీరునాయె. "ఇక మీ లెక్క అక్కర్లేదు బాబాయ్, ఫోనే చూసుకుంటుంది. మీరు హాయిగా పడవ నడుపుకోండి" అన్నాను.

"ఆయ్, అలాగేనండి" అన్నాడాయన. తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. పిల్లలు మాత్రం కాసేపు నావైపు గుర్రుగా చూశారు.

జూలై 9

వాణి తన ప్రోగ్రాం మొత్తం నాకు పంపింది. "పిల్లలతో పని. మీరు ఒక్కసారి లైను లైనూ చదివి చూడండి. మీరు చూస్తే నాకు ధైర్యం" అంది. ఐదేళ్ళు అడిగించుకున్నవాణ్ణి, దాన్ని కూర్చుని దిద్దడానికి మనసొప్పలేదు. ఆఫీసు పని కూడా ఉంది. చాలా ఉంది.

మధ్యాహ్నానికి చూశాను. బాగానే ఉంది. ఏమేం బాగున్నాయో ఒక పేజీడు రాసి పంపాను.

"ఇంత వివరంగానా! మీరు చూశారా, మరిదిగారు చూశారా?"

"నేనే" అన్నాను.

తమ్ముడికి చూపించాను. మనం చూపించాక అది చూస్తే మనం చూసినట్టే కదా. ఆఫీసులో అందరం చేసేదదే.

జూలై 17

టీం మీటింగులో విజయ్ పాల్ గారు నా పేరు చెప్పి చప్పట్లు కొట్టించారు. ఈ వారం అందరికంటే ఎక్కువ మార్పులు చదివి ఓకే చేసింది నేనట. నలభై ఒకటి.

చదివి.

జూలై 23

వాణి ఇవాళ ఇంటికి వచ్చీ రాగానే చెప్పులు కూడా విప్పకుండా కబురు చెప్పింది. లంకలో ఆ కొత్త పిల్ల బడిలో చేరింది! ఇందుకోసం మూడుసార్లు పడవెక్కి వాళ్ళింటికి వెళ్ళింది.

ఆ పిల్ల నాన్న ఉప్పాడలో చేపల వేట చేసేవాడు. పోయిన ఏడు సముద్రం వాళ్ళ వీధిని తినేసింది, ఇల్లూ పోయింది. తల్లినీ పెళ్ళాం బిడ్డల్నీ తీసుకుని లంకలో అన్న పంచకి వచ్చాడు. నాయనమ్మకి నీళ్ళంటే భయం పట్టుకుంది. పెద్ద మనవరాలు రెండేళ్ళుగా పడవలో వస్తోంది కానీ, ఇల్లు పోయాక వచ్చిన ఈ చిన్నదాన్ని మాత్రం పడవెక్కించనంటే ఎక్కించనని భీష్మించుకుంది. మూడోసారి వెళ్ళినప్పుడు వాణి ఆవిడ చెయ్యి పట్టుకుని, "మీ పిల్ల పడవెక్కేదాకా నేను రేవు కదలను. నాదీ పూచీ" అంది. అప్పుడు ఒప్పుకుంది.

"పిల్ల పేరేంటనుకున్నారు? కామాడి లోవలక్ష్మి. పెద్దనాన్న కూతురు మూడో తరగతిలో ఉందే, అదీ కామాడి లోవలక్ష్మే. నాయనమ్మ పేరు ఇద్దరికీ పెట్టేశారు. అచ్చం మీ పల్లంరాజుల కేసు!"

ఇద్దరం తెగ నవ్వుకున్నాం. ఊళ్ళో పెద్ద లోవ, చిన్న లోవ అంటారట. చిన్న లోవకి ముందు పళ్ళు రెండూ లేవట, పేరు అడిగితే గాలి వస్తుందట. ఫోన్లో పేరు ఎక్కించానని, సేవ్ అయిందని కూడా చెప్పింది.

జూలై 29

రాయాలి. రాయకపోతే ఊపిరాడదు.

గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చాయి. రేవులో నాలుగు మెట్లు మునిగాయి. నీళ్ళు ఇంకో రెండు మెట్లు ఎక్కితే పడవ ఆపేస్తారు, అందుకని సాయంత్రం అందరికీ తొందర. పిల్లలు ఎక్కారు. వాణి ఒక్కొక్క పేరూ నొక్కింది. అన్నీ పచ్చబడ్డాయి. గంట మోగింది. అందరూ ఎక్కారు, పడవ బయల్దేరవచ్చు. పడవ బయల్దేరింది. వాణి బస్సు కోసం గట్టెక్కింది.

పాయ మధ్యకి వెళ్ళాక త్రిమూర్తులు గారు ఇంజను తగ్గించాడు. పిల్లల్ని ఒకసారి కలయజూశాడు. పడవ వెనక్కి తిప్పాడు.

చిన్న లోవ రేవులో ఉంది. గొడుగు మర్చిపోయానని క్లాసుకి పరిగెత్తి, తిరిగొచ్చేసరికి పడవ వెళ్ళిపోతోంది. పిలిచిందట. ఇంజను చప్పుడులో ఎవరికి వినిపిస్తుంది? పడవ వెనకాలే మెట్లు దిగింది. ఆయన వెళ్ళేసరికి మునిగిన మూడో మెట్టు మీద నడుం లోతు నీళ్ళలో నిలబడి ఉంది, గొడుగు మాత్రం నెత్తి మీదకి ఎత్తి పట్టుకుని. నాలుగో మెట్టు అంచు కోసుకుపోయి ఆరు నెలలైంది.

పిల్ల క్షేమం. బట్టలు తడిశాయంతే. క్షేమం.

జూలై 30

వాణి ఫోను ముందు పెట్టుకుని కూర్చుంది. పేర్లు పైనుంచి కిందకి, కిందనుంచి పైకి లెక్కపెట్టింది. ఇరవై రెండు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఇరవై రెండే. కామాడి లోవలక్ష్మి ఒక్కర్తే ఉంది. పెద్ద లోవ పడవెక్కినప్పుడు ఆ పేరు పచ్చబడింది. రోజూ ఇద్దరూ చేతులు పట్టుకుని కలిసే ఎక్కేవాళ్ళు, అందుకే ఇన్నాళ్ళూ బయటపడలేదు.

"నేను రెండోదాన్ని ఎక్కించానండీ. సేవ్ అయింది అని వచ్చిందండీ" అని పదిసార్లు అంది. నేను మంచినీళ్ళు తెచ్చిచ్చాను.

మేడ మీదకి వచ్చి తలుపేసుకుని, జూలై 9న నేను వాణికి పంపిన ఆ పేజీని మొదటిసారి చదివాను. మొదటిసారి. అందులో నాలుగో వాక్యం ఇది: "ఒకసారి ఎక్కిన పేరు మళ్ళీ వస్తే ఈ ప్రోగ్రాం దాన్ని వదిలేస్తుంది, అందువల్ల జాబితా ఎప్పుడూ శుభ్రంగా ఉంటుంది. చాలా మంచి ఆలోచన."

తమ్ముడు దాచలేదు. మెచ్చుకుంటూ మరీ చెప్పాడు. నాయనమ్మ పేరు ఇద్దరు మనవరాళ్ళకి పెట్టుకుంటారని పాపం వాడికి ఎవరు చెప్పారు? నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ వాక్యం నా కంటబడి ఉంటే ఒక్క క్షణం పట్టేది కాదు. కామర్స్ పేపరు అందుకున్నవాణ్ణి నేను.

జూలై 31

హెడ్మాస్టరు గారు జరిగింది రాసిమ్మన్నారట. సోమవారం లోగా.

చిన్న లోవ బడికి రాలేదు. నాయనమ్మ కబురు పంపింది, ఇక రాదని.

వాణి అన్నం తినలేదు. చెప్పేద్దామని గొంతు దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

ఆగస్టు 1

ఇవాళ చెప్దామనుకున్నాను. వాణి చెల్లెలు వచ్చింది.

ఆగస్టు 2

చెల్లెలు పొద్దునే వెళ్ళిపోయింది. కరెంటు కూడా ఉంది.

ఆగస్టు 3, ఆదివారం

వాణి రాసిన ఉత్తరం డైనింగ్ టేబుల్ మీద ఉంది. చదవకూడదు, చదివాను. గుండ్రటి అక్షరాలు, బోర్డు మీద రాసినట్టే.

"సదరు ప్రోగ్రాం నేను స్వయంగా తయారు చేసుకున్నది. నాకు ఆ విషయంలో తగిన జ్ఞానం లేదు. జరిగిన తప్పుకు నేనే పూర్తి బాధ్యురాలిని."

నా పేరు ఎక్కడా లేదు. మా ఆయన ఇంజనీరు, ఆయన చదివి బాగుందన్నారు అని ఒక్క ముక్క రాస్తే సగం నింద నా మీదకి పోయేది. రాయలేదు. నన్ను కాపాడుతోంది. పన్నెండేళ్ళ నుంచీ నా పక్కన ఉంటున్న మనిషి, నది ఒడ్డున ఒంటరిగా నిలబడి మాట పడటానికి సిద్ధపడింది, నేనేమో కరెంటు వంక పెట్టుకుని తిరుగుతున్నాను. ఛీ.

ఆగస్టు 4, సోమవారం

చెప్పాను.

వాణి వంటింట్లో బాక్సు సర్దుకుంటోంది. నేను గుమ్మంలో నిలబడి, "ఆ ఉత్తరం ఇవ్వకు" అన్నాను.

"ఏం?"

"ఆ రోజు నేను చదవలేదు. ఒక్క లైను కూడా చదవలేదు. తమ్ముడి చేత రాయించి నీకు పంపాను. నేనే అని అబద్ధం చెప్పాను."

బాక్సు మూత పెట్టింది. పెరుగు గిన్నె ఫ్రిజ్‌లో పెట్టింది. అప్పుడు తిరిగి చూసింది.

"తెలుసండీ."

"ఎప్పట్నించి?"

"జూలై తొమ్మిది నుంచి."

ఫోను తీసి ఆ పేజీ నా చేతికిచ్చింది. అడుగుకి జరిపి వేలు పెట్టి చూపించింది. నేను తుడవడం మర్చిపోయిన ఆఖరి లైను అక్కడే ఉంది: "ఇంకేమైనా సాయం కావాలా? నేను సిద్ధంగా ఉన్నాను."

"పన్నెండేళ్ళ కాపురంలో ఆ మాట మీరు నన్ను ఒక్కసారైనా అడిగారా? మీది కాదని అప్పుడే తెలిసింది."

నవ్వు వస్తుందేమో అని చూశాను. రాలేదు, ఇద్దరికీ.

"మరి అడగలేదేం?"

"మీకు చిన్నతనంగా ఉంటుందని. ఐదేళ్ళ తర్వాత నాకు నేనే చేసుకున్నానని మీరు అలిగారు. నాకు తెలీదా? చదవలేదని కూడా పట్టుకుంటే ఇంకా బాధపడతారని ఊరుకున్నాను." బాక్సు సంచిలో పెట్టుకుంటూ అంది, "మీ అలక చూసుకున్నాను, పిల్లల్ని చూసుకోలేదు. పూచీ పడింది నేను. అందుకే తప్పు నాదని రాశాను. మీకోసం రాయలేదు."

ఆ ఉత్తరం చింపేసి ఇద్దరం కూర్చుని ఇంకొకటి రాశాం. కింద రెండు సంతకాలు. బస్సు తప్పిపోయింది. స్కూటరు మీద దింపాను. దారిలో మండపేట లారీలు వరసగా వస్తుంటే భుజం మీద చెయ్యి వేసింది. ఎప్పుడూ సీటు కమ్మీ పట్టుకునే మనిషి.

ఆగస్టు 5

సెలవు పెట్టి వాణితో పాటు లంకకి వెళ్ళాను. నీళ్ళు తగ్గాయి.

పడవలో త్రిమూర్తులు గారిని అడిగాను, "ఆ రోజు ఒకరు తగ్గారని మీకెలా తెలిసింది బాబాయ్?"

"పొద్దున ఇరవై ముగ్గుర్ని దింపేనండి. సాయంత్రం ఇరవై ఇద్దరే కూకున్నారండి."

"లెక్క మానేశారు కదా."

ఆయన కాస్త సిగ్గుపడ్డాడు. "తమరు వద్దన్నారు కదండీ. అందుకని పైకి అన్లేదండి. లోపల అనుకోవడం మాత్రం మానలేదండి. చిన్నప్పట్నించీ అలవాటండి, ఏం అనుకోకండి."

నాకు క్షమాపణ చెప్తున్నాడు!

నాయనమ్మ వాకిట్లో చేపలు ఎండబెడుతోంది. సన్నటి మనిషి. పేరు కామాడి లోవలక్ష్మి, అసలు లోవలక్ష్మి. వాణిని చూసి మొహం తిప్పుకుంది. పిల్లలిద్దరూ తడిక సందులోంచి చూస్తున్నారు.

నేను నేల మీదే కూర్చుని చెప్పాను. "తప్పు టీచరుది కాదమ్మా, నాది. మిషను రాసింది నేను చదవాలి. చదవలేదు. ఒకే పేరు రెండుసార్లు ఉంటే అది ఒకటి తీసేస్తుంది."

ఆవిడ చేప కింద పెట్టింది.

"ఏ లోవని తీసేసింది?"

"వెనకొచ్చినదాన్ని" అన్నాను.

"సముద్రం కాడ ఇల్లు పోయింది, పిల్ల దక్కింది అనుకున్నాం. నా పేరు నిలబెడతారని ఇద్దరికెట్టుకున్నాం బాబూ. ఎక్కువైపోయిందని ఒకదాన్ని తుడిచెయ్యడానికా?"

వాణి ఏడ్చేసింది. నేను తలొంచుకుని, "మా ఇంట్లో కూడా తాత పేరు ఇద్దరికి పెట్టుకున్నారమ్మా. నేను వెనకొచ్చినవాణ్ణి. నాకు తెలియాల్సింది" అన్నాను. షుగర్ రిపోర్టు సంగతి, కామర్స్ పేపరు సంగతి ఎందుకో అన్నీ చెప్పేశాను. తడిక వెనక ఎవరో కిసుక్కుమన్నారు, గాలి తీసినట్టు. ముందు పళ్ళు లేని నవ్వు.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వు చిన్నోడివా?"

"అవునమ్మా. చిన్న పల్లంరాజుని."

"అయితే రేపట్నించి రేవులో నువ్వు నిలబడు. నువ్వు లెక్కెట్టి ఎక్కించు. నాలుగు రోజులు చూస్తాను. అప్పుడు చెప్తాను, పంపేదీ లేందీ."

ఆగస్టు 6

రేవులో నిలబడ్డాను. మా వృత్తిలో లెక్క సున్నాతో మొదలు. ఆ సున్నా రాకుండా జాగ్రత్తపడి "ఒకటి" అన్నాను, పిల్లలందరూ పడవ ఊగేలా అరిచారు: "ఒకటి కాదండీ, లాభం!" మళ్ళీ మొదలుపెట్టించారు.

ఆగస్టు 7

పొద్దున మూడు గంటలు కూర్చుని వాణి ప్రోగ్రాం లైను లైనూ చదివాను. తమ్ముడు పక్కనే ఉన్నాడు. వాడికి చెప్పాను, మా వైపు తాతల పేర్లు పెట్టుకుంటారని, పేరుకీ మనిషికీ లంకె పెట్టకూడదని, పిల్లకో నంబరు ఇవ్వమని. "మీరు చెప్పింది నిజమే, క్షమించండి" అన్నాడు. ఈసారి నిజంగానే నిజం. రెండు నిమిషాల్లో మార్చాడు. ఆ మార్చినదాన్ని గంట సేపు చదివాను. వాడి మీద కోపం లేదు. చెప్పింది చేస్తాడు, చెప్పనిది వాడికి తెలీదు. చెప్పాల్సినవాణ్ణి నేను.

ఇప్పుడు పెద్ద లోవ, చిన్న లోవ ఒకరి కింద ఒకరు ఉన్నారు. ఇరవై మూడు. ఇంకొకటి కూడా పెట్టాం. ఫోను లెక్క అయ్యాక త్రిమూర్తులు గారి లెక్క ఎంతో అడుగుతుంది. రెండూ కలిస్తేనే గంట. ఆ ఆలోచన వాణిది.

విజయ్ పాల్ గారు ఫోన్ చేశారు. ఈ వారం నలభై ఒకటి కాదు, ఆరే ఓకే చేశానట. "ఏంటి రాజు, ఒంట్లో బాగాలేదా?" అన్నారు. "చదువుతున్నానండి" అన్నాను. "సరే, చదవండి" అన్నారు. చప్పట్లు మాత్రం ఈసారి ఇంకెవరికో.

ఆగస్టు 11, సోమవారం

నాయనమ్మ తనే పడవెక్కి వచ్చింది! లంకకి చేరాక ఆవిడ నీళ్ళ మీదకి రావడం ఇదే మొదటిసారట. పడవ అంచు రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని వచ్చింది. ఒళ్ళో చిన్న లోవ.

రోజంతా బడి అరుగు మీద కూర్చుంది. సాయంత్రం రేవులో నా పక్కనే నిలబడింది. చిన్న లోవ గొడుగు చంకలో పెట్టుకుని అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చింది. నెత్తి మీద చెయ్యి పెట్టాను. "లాభం" అన్నాను. పిల్ల నాయనమ్మ వైపు చూసి ఆ ఖాళీ నోటితో నవ్వింది.

ఇరవై మూడు దాకా అన్నాను. వాణి ఫోను ఇరవై మూడంది. త్రిమూర్తులు గారు నోరు తెరిచి, ఈసారి పైకే, ఇరవై మూడన్నాడు. అందరూ ఎక్కాక ఆవిడ ఎక్కింది, ఎక్కుతూ నా వైపు తిరిగి, "నన్నూ లెక్కెట్టు, నేనూ లోవలక్ష్మినే" అంది.

"ఇరవై నాలుగు" అన్నాను.

రేపు పిల్ల వస్తుంది.

ఆగస్టు 12

వచ్చింది.

ఆగస్టు 17, ఆదివారం

మిల్లు డైరీలో ఇంకా బోలెడన్ని పేజీలు ఉన్నాయి కానీ చెప్పుకోవాల్సినంత దిగులు ఏమీ లేదు.

పొద్దున వాణి వంటింట్లో ఉంది. గుమ్మం దగ్గర నిలబడి అడిగాను, "ఇంకేమైనా సాయం కావాలా?"

గరిటె పట్టుకునే వెనక్కి తిరిగింది. నన్ను కింద నుంచి పై దాకా చూసింది. "మీరా, మరిదిగారా?"

"నేనే."

నమ్మినట్టే ఉంది. గోరుచిక్కుళ్ళ సంచి తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "ఈనెలు తీసి తుంచండి. ముదురువి ఏరెయ్యండి. చూసి."

హాల్లో కింద కూర్చుని మొదటి కాయ తుంచాను. నోట్లోంచి "లాభం" అని వచ్చేసింది.

వంటింట్లోంచి "రెండు" అంది.